ఇంటిమనిషీ, పనిమనిషీ

‘అమెరికాలో పనిమనుషులుండరు. ఎవరి పని వాళ్ళే చేసుకుంటారు. అక్కడ ఏ పనినీ తక్కువగా చూడరు.’ పిల్లల దగ్గర ఆరునెలలుండి వచ్చిన అమ్మానాన్నల నోట మన ఇళ్ళలో తరచుగా వినే మాటలివి. శ్రమగౌరవం గురించి ఎక్కడ చర్చ వచ్చినా అమెరికాని ఉదాహరణగా చూపించడం మనకి అలవాటైపోయింది. ఈ మాటల్లో నిజం బొత్తిగా లేదని అనను. ఇక్కడ తాగిన గ్లాసు కూడా తియ్యని అబ్బాయి అక్కడ గిన్నెలు తోముతున్నాడంటే సంతోషించాల్సిందే. కానీ పనిమనిషి లేనంత మాత్రాన పని లేకుండా పోదు. దాన్ని ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు.

భర్త హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేస్తుంటే హెచ్-4 వీసా మీద వెంట వెళ్ళిన భార్యకి 2015 మే నెల దాకా ఉద్యోగం చేసే అనుమతే లేదు. ఆ తర్వాత వచ్చిన అనుమతి కూడా భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటిన వాళ్ళకే. ఇంజనీరింగులూ, ఎమ్మెస్సీలూ చదివి వెళ్ళిన తెలుగమ్మాయిలు ఎంతమంది ఆ ‘పనిమనుషుల్లేని దేశం’లో ఇంటిచాకిరీ మొత్తం ఏళ్ళ తరబడి మోశారో మనకి తెలియనిది కాదు. ఇక ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళు చాలావాటికి రెండువారాలకోసారి వచ్చి బాత్రూములు కడిగి, వంటగది తుడిచి వెళ్ళే మనిషి ఒకామె ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ఆఫీసులో ఉన్నప్పుడు వస్తుంది. కంపెనీ కారులో, కంపెనీ బట్టల్లో వస్తుంది. ఆమెని ‘క్లీనింగ్ సర్వీస్’ అంటారు కాబట్టి పనిమనుషుల లెక్కలోకి రాదు.

ఆమె అమెరికన్ స్త్రీలు రాసిన పుస్తకాల్లో మాత్రం కనిపిస్తుంది. అలాంటివి మూడింటిని పక్కపక్కన పెట్టి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆలిస్ చిల్డ్రెస్ రాసిన ‘లైక్ వన్ ఆఫ్ ది ఫ్యామిలీ’ 1956లో వచ్చింది. బార్బరా ఎహ్రెన్‌రైక్ ‘నికెల్ అండ్ డైమ్డ్’ 2001లో, స్టెఫనీ లాండ్ ‘మెయిడ్’ 2019లో వచ్చాయి. మొదటిది కల్పన, రెండోది పరిశోధనాత్మక రచన, మూడోది ఆత్మకథ. ముగ్గురూ పరాయి ఇళ్ళు శుభ్రం చేసినవాళ్ళే. అయితే ఒకరు బతుకుతెరువు కోసం చేసిన రకరకాల పనుల్లో అదొకటి, ఒకరు పుస్తకం కోసం చేశారు, ఒకరు కూతుర్ని పెంచడానికి చేశారు.

అమెరికాలో పని గురించి మాట్లాడేటప్పుడు గౌరవం, న్యాయం, అవకాశం అనే మూడు మాటల్నీ ఒకే ఊపిరిలో అనేస్తారు. ఒకటుంటే మిగతా రెండూ ఉన్నట్టే అన్న ధోరణి అది. ఈ పుస్తకాలు చదివాక నాకు అలా అనిపించలేదు. ‘అవకాశం’ అనే మాట చాలాసార్లు ‘గౌరవం’ అనే మాటకి అడ్డు వస్తుంది. నువ్వు ఈ పనిలోంచి బయటపడొచ్చు అని చెప్పడం, ఈ పనిలో ఉన్నంతకాలం నీకేం జరిగినా ఓర్చుకో అని చెప్పడానికి మర్యాదైన పద్ధతిగా మారుతుంది. ఈ మూడు పుస్తకాల మధ్య అసలు తేడా అక్కడే ఉంది.

చిల్డ్రెస్ పుస్తకానికి ముందు కొంచెం నేపథ్యం చెప్పుకోవాలి. 1935 నవంబర్‌లో ‘ది క్రైసిస్’ పత్రికలో ఎల్లా బేకర్, మార్వెల్ కుక్ కలిసి ఒక వ్యాసం రాశారు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వీధుల మలుపుల్లో నల్లజాతి స్త్రీలు పొద్దున్నే వచ్చి నిలబడితే, గృహిణులు వచ్చి గంటల లెక్కన బేరమాడి తీసుకెళ్ళే తీరుని అందులో వర్ణించారు. దాన్ని వాళ్ళు బానిసల సంత అన్నారు. మన ఊళ్ళలో కూలీల అడ్డా చూసినవాళ్ళకి ఆ దృశ్యం వేరే చెప్పక్కర్లేదు. అదే 1935లో సామాజిక భద్రతా చట్టం వచ్చింది, సంఘం పెట్టుకునే హక్కునిచ్చే కార్మిక సంబంధాల చట్టం వచ్చింది. 1938లో కనీస వేతన చట్టం వచ్చింది. ఈ మూడూ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళనీ, పొలాల్లో పనిచేసేవాళ్ళనీ బయటే ఉంచాయి. పనిచేసే నల్లజాతి స్త్రీలలో అత్యధికులు అప్పుడు ఆ రెండు పనుల్లోనే ఉన్నారు. చట్టం ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తక్కర్లేకుండానే ఎవరిని వదిలెయ్యాలో వాళ్ళని వదిలేసింది.

ఆలిస్ చిల్డ్రెస్ సౌత్ కరోలినాలో పుట్టి హార్లెమ్‌లో పెరిగింది. నటి, నాటకకర్త. 1950లలో పాల్ రోబ్సన్ నడిపిన ‘ఫ్రీడమ్’ పత్రికలో మిల్‌డ్రెడ్ అనే పనిమనిషి కబుర్లు శీర్షికగా రాసింది. అవే తర్వాత పుస్తకమయ్యాయి. మొత్తం 62 కబుర్లు. ఒక్కోటీ చిన్నదే. సాయంత్రం పని అయ్యాక మిల్‌డ్రెడ్ తన స్నేహితురాలు మార్జ్‌తో మాట్లాడుతుంది. మార్జ్ కూడా ఇళ్ళల్లో పనిచేసే మనిషే. ఆమె మాటలు మనకి వినిపించవు. మిల్‌డ్రెడ్ జవాబుల్ని బట్టి మార్జ్ ఏమందో మనం ఊహించుకోవాలి.

ఈ నిర్మాణం గురించి కాస్త ఆలోచించాలి. ఇందులో యజమానురాలికి చెవి లేదు. ఆమె కథలో పాత్ర మాత్రమే, శ్రోత కాదు. ‘మేమూ మనుషులమే’ అని మిల్‌డ్రెడ్ ఎవరికీ రుజువు చెయ్యక్కర్లేదు, ఎందుకంటే ఎదురుగా కూర్చున్నది మార్జ్. పేదవాళ్ళ గురించి వచ్చే సాహిత్యం చాలావరకు లేనివాళ్ళ సంగతి ఉన్నవాళ్ళకి చెప్పడానికే పుడుతుంది. అందుకని దాని గొంతులో ఎప్పుడూ కొంచెం విన్నపం ఉంటుంది. మిల్‌డ్రెడ్ గొంతులో అది లేదు. వెటకారం ఉంది, కోపం ఉంది, మధ్యమధ్యలో అలసట ఉంది.

పుస్తకానికి పేరు తెచ్చిన మొదటి కబురులో యజమానురాలు ఇంటికొచ్చిన అతిథితో మిల్‌డ్రెడ్‌ని పొగుడుతుంది. ఆమె మాకు పనిమనిషి కాదు, మా ఇంటిమనిషే అన్నది ఆ పొగడ్త సారాంశం. తెలుగులో ఈ రెండు మాటలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. రెండింట్లోనూ ‘మనిషి’ ఉంది. ముందున్న మాట మారితే ఆ మనిషి కూర్చునే చోటు మారిపోతుంది. అతిథి వెళ్ళాక మిల్‌డ్రెడ్ యజమానురాలిని కూర్చోబెట్టి లెక్క అప్పజెబుతుంది. ఇంటివాళ్ళు భోజనాల గదిలో తింటారు, తను వంటగదిలో తింటుంది. ఆ ఇంటి సోఫా మీదా, పరుపు మీదా ఎవరెవరికి చోటుందో, తనకి ఎక్కడ లేదో ఒక్కొక్కటే చెబుతుంది. చివరికి ఆ ప్రేమేదో చూపించాలనుంటే జీతం కాస్త పెంచమంటుంది.

ఆ ముగింపు నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. మిల్‌డ్రెడ్ బల్ల దగ్గర చోటు అడగలేదు. నన్ను నిజంగానే ఇంటిమనిషిని చెయ్యండి అని అడగలేదు. నేను పనిమనిషిని, పనికి తగిన డబ్బివ్వండి అంది. గౌరవాన్ని ఆమె ఆప్యాయతలో వెతుక్కోదు. ఆప్యాయత పేరు చెప్పి ఎగ్గొట్టిన దాన్ని జీతంలో వెతుకుతుంది. ఇంట్లో ఆడవాళ్ళు చేసే చాకిరీని ‘ప్రేమ’ అని పిలిచి లెక్కలోంచి తీసేయడం గురించి స్త్రీవాదులం ఎన్నో వ్యాసాలు రాసుకున్నాం. ఆ పనికి డబ్బిచ్చి ఇంకొకామెని పెట్టుకున్నాక కూడా అదే ప్రేమ మాటని ఆమె మీద ఎలా వాడతామో చిల్డ్రెస్ చెప్పింది.

ఇంకో కబురులో యజమానురాలు ఇంట్లో ఎటు వెళ్ళినా తన హ్యాండ్‌బ్యాగ్‌ని చంకలో పెట్టుకునే తిరుగుతుంది. ఒకరోజు ఏదో పనిమీద బయటికి వెళ్ళిన మిల్‌డ్రెడ్ పరుగున వెనక్కి వచ్చి తన సంచీ తీసుకుని మళ్ళీ వెళ్తుంది. యజమానురాలు నొచ్చుకుని, నిన్ను అనుమానించడం లేదు అని సర్దిచెప్పబోతే మిల్‌డ్రెడ్ తనకి అర్థమైందంటుంది. ఇంత తక్కువ జీతం ఇచ్చేదాన్నయితే నేనూ సంచీ వదిలేదాన్ని కాదు అన్న అర్థంలో జవాబిస్తుంది. మరో ఇంట్లో ఆరోగ్య ధ్రువపత్రం తెమ్మంటారు. తప్పకుండా తెస్తాను, మీ ఇంట్లోవాళ్ళందరివీ నాకు చూపించండి, మీ దుప్పట్లూ బట్టలూ ముట్టుకోవాల్సింది నేనే కదా అంటుంది మిల్‌డ్రెడ్.

ఇలా మాట్లాడిన పనిమనిషిని మర్నాడు రానిస్తారా అన్న సందేహం ఎవరికైనా వస్తుంది. ఈ పుస్తకం మీద బలమైన విమర్శ అదే. మిల్‌డ్రెడ్ అన్నిసార్లూ గెలుస్తుంది, యజమానురాళ్ళు అన్నిసార్లూ తెల్లమొహం వేస్తారు. ఇది వాస్తవికత కాదని ఒప్పుకోవాలి. కానీ ఈ మాటలు మనం వింటున్నది యజమానురాలి ఇంట్లో కాదు, మార్జ్ ముందు. ‘ఇదిగో ఇలా అన్నానే’ అని చెప్పుకునే కబుర్లలో నిజంగా అన్నదెంతో, అనాలనుకుని మింగేసిందెంతో చెప్పే మనిషికే తెలుసు. అనలేకపోయిన మాటని తోటి మనిషి ముందు అని చూసుకోవడం కూడా రేపు అనడానికి ఒక సాధన. ఆ పుస్తకంలోనే మనకీ ఒక యూనియన్ కావాలి అన్న కబురు ఒకటి ఉందని మర్చిపోకూడదు.

ఎహ్రెన్‌రైక్ పుస్తకానికి వస్తే గొంతు పూర్తిగా వేరు. ఆమె జీవశాస్త్రంలో డాక్టరేట్ చేసిన రచయిత్రి. 1996లో సంక్షేమ పథకాల్ని కుదించి లక్షలమంది ఒంటరి తల్లుల్ని పనుల్లోకి తోసిన సమయంలో, ఆ జీతాలతో ఎలా బతుకుతారు అన్న ప్రశ్న ఆమెకి వచ్చింది. 1998 నుంచి 2000 మధ్య ఫ్లోరిడాలో హోటల్ సర్వర్‌గా, మెయిన్ రాష్ట్రంలో ఇళ్ళు శుభ్రం చేసే కంపెనీలో, మిన్నెసోటాలో వాల్‌మార్ట్ దుకాణంలో పనిచేసి చూసింది. చదువు సంగతి దాచి, చాలాకాలం తర్వాత మళ్ళీ ఉద్యోగానికొచ్చిన గృహిణినని చెప్పుకుంది. తనకి తాను కొన్ని నియమాలు పెట్టుకుంది. కారు ఉంచుకుంటుంది. ఆకలితో పడుకునే పరిస్థితి వస్తే ప్రయోగం ఆపేస్తుంది.

ఈ పుస్తకం బలం లెక్కల్లో ఉంది. మెయిన్‌లో ఆ కంపెనీ ఒక్కో మనిషికి గంటకి 25 డాలర్లు ఇంటివాళ్ళ దగ్గర తీసుకుంటుంది. పనిచేసిన ఆమెకి ఇచ్చేది 6.65 డాలర్లు. అద్దె కట్టడానికి వారాంతాల్లో వృద్ధాశ్రమంలో కూడా పనిచెయ్యాలి. అంటే వారానికి ఏడురోజులూ పనే. మోకాళ్ళ మీద కూర్చుని గచ్చు తుడవాలి, అలా తుడవడమే ఆ కంపెనీకి ప్రచారం. అర బకెట్ నీళ్ళతో తుడిచిన గచ్చు ఎంత శుభ్రపడుతుందో ఆమె ఎగతాళిగా రాస్తుంది. అన్నిటికంటే నన్ను ఆపేసింది ఒక చిన్న నియమం. పరాయి ఇంట్లో ఉన్నంతసేపూ నోట్లో ఏమీ వేసుకోకూడదు, మంచినీళ్ళు కూడా తాగకూడదు. మిల్‌డ్రెడ్‌కి వంటగదిలోనైనా కూర్చుని తినే చోటుంది. నలభై అయిదేళ్ళ తర్వాత ఆ చోటు కూడా పోయింది. ‘ఇంటిమనిషి’ అన్న అబద్ధం చెప్పే అవసరం కూడా ఎవరికీ లేదు, ఎందుకంటే ఇంటివాళ్ళకి ఆమె మనిషి కాదు, నెలవారీ బిల్లు.

ఈ పుస్తకంలో హాలీ అనే అమ్మాయి ఉంది. అది మార్చిన పేరు. పనిచేస్తూ కాలు మెలిపడి ఏడుస్తుంది, అయినా పని ఆపదు. బార్బరాకి కోపం వస్తుంది. పని ఆపేద్దాం అంటుంది, ఫోన్‌లో మేనేజరు మీద అరుస్తుంది. హాలీ మాత్రం కుంటుకుంటూ తుడుస్తూనే ఉంటుంది. ఈ సన్నివేశం ఎన్నిసార్లు చదివినా నాకు ఒకేలా అనిపిస్తుంది. ఇక్కడ ఆత్మగౌరవం ఉన్నది బార్బరాకీ, లేనిది హాలీకీ కాదు. ఆ ఉద్యోగం పోతే బార్బరాకి పోయేది ఒక అధ్యాయం, హాలీకి పోయేది అద్దె. ఎదిరించే ధైర్యాన్ని మనం వ్యక్తిత్వంగా లెక్కపెడతాం. వెనకాల బ్యాంకులో ఉన్న డబ్బుని లెక్కపెట్టం. ఎహ్రెన్‌రైక్ నిజాయితీ ఏమిటంటే ఈ తేడాని దాచదు. తను తెల్లమనిషి కావడం, ఇంగ్లీషు మాతృభాష కావడం ఎంత కలిసొచ్చాయో కూడా చెబుతుంది. అయినా హాలీ ఏమనుకుందో మనకి బార్బరా కళ్ళతోనే తెలుస్తుంది. హాలీకి ఒక మార్జ్ ఉంటే ఆ సాయంత్రం ఏం చెప్పేది? ఆ కబురు ఈ పుస్తకంలో లేదు.

హాలీ స్వయంగా కలం పట్టుకుంటే ఎలా ఉంటుందో అన్నదానికి జవాబుగా ‘మెయిడ్’ వచ్చింది. ఈ రెండిటికీ నేరుగా సంబంధం ఉంది. పేదరికంలో ఉన్న రచయితలకి తోడ్పడాలని ఎహ్రెన్‌రైక్ 2012లో ఒక సంస్థ మొదలుపెట్టింది. స్టెఫనీ లాండ్ ఆ సంస్థ సాయం పొందింది, ‘మెయిడ్’కి ముందుమాట రాసింది ఎహ్రెన్‌రైకే. 2022లో చనిపోయేదాకా ఆమె చేసిన పనుల్లో ఇది చాలా విలువైనదని నా అభిప్రాయం. వేరొకరి గొంతుతో మాట్లాడటం కంటే వాళ్ళు మాట్లాడే చోటు ఏర్పాటు చెయ్యడం మేలని ఆమె చేసి చూపించింది.

హింసించే సహచరుణ్ణి వదిలి, పసిపాపతో బయటికొచ్చిన లాండ్ వాషింగ్టన్ రాష్ట్రంలో ఇళ్ళు శుభ్రం చేసి బతికింది. ఆమె ఇళ్ళకి పేర్లు పెడుతుంది. విషాదం ఇల్లు, మొక్కల ఇల్లు, అలా. ఆ ఇళ్ళల్లోవాళ్ళు వేసుకునే మందులేమిటో, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో ఆమెకి తెలుసు. వాళ్ళకి ఆమె గురించి ఏమీ తెలియదు. ఇంటికొస్తే బూజు పట్టిన గది, మాటిమాటికీ జబ్బుపడే పాప. ప్రభుత్వసాయం రకరకాల కార్యాలయాల నుంచి, ఒక్కోదానికి ఒక్కో కాగితంతో తెచ్చుకోవాలి. జీతం కొంచెం పెరిగితే సాయం అంతకంటే ఎక్కువ తగ్గిపోతుందేమోనన్న భయం. దుకాణంలో ఫుడ్‌స్టాంపులతో సరుకులు కొంటుంటే ఒక పెద్దాయన, తన డబ్బుతోనే కొంటున్నదన్నట్టు, ఆమె చెప్పని కృతజ్ఞతకి గట్టిగా బదులు చెబుతాడు. ఉద్యోగం చేస్తూ కూడా సాయం తీసుకోవాల్సిరావడం ఆ జీతాల తప్పు. సిగ్గుపడాల్సి వచ్చింది మాత్రం ఆమె.

పుస్తకం చివర లాండ్ మోంటానాలోని మిజూలా వెళ్తుంది, విశ్వవిద్యాలయంలో సాహిత్యం చదువుతుంది, రచయిత్రి అవుతుంది. 2021లో ఇది నెట్‌ఫ్లిక్స్ ధారావాహిక అయింది. నాకు పేచీ ఇక్కడ మొదలవుతుంది. రచయిత్రితో కాదు. తన జీవితం అలా జరిగితే ఆమె అలాగే రాస్తుంది, బయటపడినందుకు మనం సంతోషించాలి. పేచీ మనం చదివే పద్ధతితో. ఈ కథని ‘ఎలా బయటపడింది’ అన్న ఉత్కంఠతో చదువుతాం. బయటపడగానే తృప్తిగా పుస్తకం మూసేస్తాం. విషాదం ఇంటికి ఆ తర్వాతి వారం ఎవరెళ్ళారు అని అడగం. వెళ్ళినామె రచయిత్రి కాకపోవచ్చు. ఇంగ్లీషు రాకపోవచ్చు. ఆ దేశంలో ఉండే కాగితాలే లేకపోవచ్చు.

ఈ చదివే పద్ధతికి పరాకాష్ఠ ‘ది హెల్ప్’ నవల. 2009లో కాథరిన్ స్టాకెట్ రాసింది, 2011లో సినిమాగా వచ్చింది. 1960లలో మిసిసిపీలో నల్లజాతి పనిమనుషుల అనుభవాల్ని ఒక తెల్లమ్మాయి పోగుచేసి పుస్తకం వేస్తుంది. ఆ పుస్తకం ఆమెని న్యూయార్క్‌లో ఉద్యోగానికి చేరుస్తుంది. కథలు చెప్పిన ఐబిలీన్ ఉన్న పని పోగొట్టుకుంటుంది. నల్లజాతి స్త్రీ చరిత్రకారుల సంఘం 2011లో దీనిమీద బహిరంగంగానే అభ్యంతరం చెప్పింది. ఇక్కడ అవకాశం ఒకరిది, అనుభవం ఇంకొకరిది.

కొన్నేళ్ళ కిందట ఎం.ఏ. తరగతిలో మిల్‌డ్రెడ్ కబుర్లు చదివించాను. భోజనాల గదీ వంటగదీ గురించి మాట్లాడుతుంటే వెనక బెంచీలో అమ్మాయి, మా అమ్మకి కూడా వాళ్ళింట్లో గ్లాసు వేరే ఉండేది మేడం, కిటికీలో పెట్టేవాళ్ళు అంది. వాళ్ళ కులం ఏమిటో ఎవరూ అడగలేదు, అడగక్కర్లేకుండానే అందరికీ అర్థమైంది. పక్కనున్న స్నేహితురాలు ఆమె చెయ్యి పట్టుకుని, నువ్వు చదువుకున్నావు కదే, ఇంక మీ అమ్మ మానేస్తుందిలే అని ఓదార్చబోయింది. ‘అమ్మ మానేసింది. ఇప్పుడు ఆ ఇంట్లో మా పిన్ని చేస్తోంది’ అంది ఆ అమ్మాయి. నేను పుస్తకాల మీద పెట్టుకున్న ప్రశ్న అంతా ఆమె రెండు వాక్యాల్లో చెప్పేసింది.

పిన్ని కోసం ఏం చెయ్యాలి అన్న దానికి జవాబు ఆత్మకథల్లో దొరకదు, ఉద్యమాల్లో దొరుకుతుంది. 1968లో అట్లాంటాలో డొరొతీ బోల్డెన్ ఇళ్ళల్లో పనిచేసే స్త్రీలతో సంఘం పెట్టింది. ఆమె కూడా ఆ పని చేసిన మనిషే. సిటీబస్సుల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళతో మాట్లాడి సంఘంలో చేర్చింది. సభ్యులందరూ ఓటర్లుగా నమోదు కావాలని షరతు పెట్టింది. 1974లో కనీస వేతన చట్టం ఇంటిపనివాళ్ళకి వర్తించింది, 1938 నుంచి లెక్కేస్తే 36 ఏళ్ళకి. అప్పుడు కూడా ముసలివాళ్ళకీ, రోగులకీ ఇంట్లో తోడుండి చూసుకునేవాళ్ళని వదిలేశారు. తోడుండటం పనికాదనుకున్నారు కాబోలు. 2010లో న్యూయార్క్ రాష్ట్రం ఇంటిపనివాళ్ళ హక్కుల చట్టం చేసింది, ఆ దేశంలో అలాంటిది అదే మొదటిది. ఇళ్ళల్లో సేవచేసేవాళ్ళలో ఎక్కువమందికి కనీస వేతనం వర్తింపజేస్తూ కార్మికశాఖ 2013లో నిబంధన తెచ్చింది. 2025 జులైలో అదే శాఖ దాన్ని ఉపసంహరించే ప్రతిపాదన పెట్టింది. దేశవ్యాప్త కనీస వేతనం 2009లో గంటకి 7.25 డాలర్లయింది, ఆ తర్వాత పదిహేనేళ్ళు దాటినా అది కదల్లేదు. సంఘం పెట్టుకునే హక్కుకి సంబంధించిన 1935 నాటి మినహాయింపుని కూడా ఇన్నేళ్ళలో తొలగించలేదు.

ఈ చరిత్రలో నాయకురాలు బయటపడిపోయిన మనిషి కాదు. బోల్డెన్ విజయం తను ఒక్కతే ఆ పని మానెయ్యడంలో లేదు. ఆ పని చేస్తూనే తలెత్తుకుని బతకగలిగేలా దాన్ని మార్చాలనుకోవడంలో ఉంది. అందుకే 1956 నాటి మిల్‌డ్రెడ్, ఈ మూడు పుస్తకాల్లోనూ పాతదైనా, నాకు అందరికంటే ముందున్నట్టు కనిపిస్తుంది. ఆమె 62 కబుర్లలో ఎక్కడా రచయిత్రి కాదు, కోటీశ్వరురాలు కాదు. మొదట్లో ఏ పని చేస్తోందో చివర్లోనూ అదే చేస్తుంది. ఆమెకి కావలసిన న్యాయం ఆ పనిలోనే కావాలి.

మనం అమెరికాని దూరంనుంచి విమర్శిస్తున్నామనుకోవడానికి కూడా వీల్లేదు. 2013 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో భారత దౌత్యాధికారిణి ఒకరిని అరెస్టు చేశారు. ఇండియానుంచి తీసుకెళ్ళిన పనిమనిషికి వీసా కాగితాల్లో రాసినదానికంటే చాలా తక్కువ జీతం ఇచ్చారన్నది ఆరోపణ. దుస్తులు విప్పించి తనిఖీ చేసిన తీరు అవమానకరమైనదే, దాన్ని ఖండించాల్సిందే. కానీ ఆ రోజుల్లో మన పత్రికలూ, టీవీ చర్చలూ దేశగౌరవం గురించీ, అధికారిణి గౌరవం గురించీ మాట్లాడినంతలో పదోవంతు కూడా ఆ పనిమనిషి జీతం గురించి మాట్లాడలేదు. ఇద్దరూ భారతీయ స్త్రీలే. గౌరవం అన్న మాట ఒకరికే వాడాం. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇంటిపనివాళ్ళకి గౌరవప్రదమైన పని పరిస్థితులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్‌లో 189వ ఒడంబడికని ఆమోదించింది. దాన్ని అమెరికా ధ్రువీకరించలేదు. భారతదేశమూ ధ్రువీకరించలేదు. పనిమనుషులుండరని మనం చెప్పుకునే దేశమూ, పనిమనుషులు లేనిదే రోజు గడవని మన దేశమూ ఈ ఒక్క విషయంలో ఒకటే.

చదువుకుని ఉద్యోగాలు చేస్తున్న మనలాంటి ఆడవాళ్ళకి ఈ సాహిత్యం ఇబ్బందికరంగానే ఉంటుంది. మన స్వేచ్ఛలో కొంతభాగం ఇంకొకామె చవకశ్రమ మీద నిలబడి ఉంది. నేను ఈ వ్యాసం రాసుకునే సమయం కూడా అలా దొరికిందే. పశ్చాత్తాపం ఒలకబోస్తే ఆమె జీతం పెరగదు. మన పత్రికల్లో, పాఠ్యాంశాల్లో శ్రామిక స్త్రీల రచనల్ని ఎంచుకునేటప్పుడు ‘ఎదిగొచ్చిన’ స్త్రీల కథలతోనే సరిపెట్టుకోకుండా ఉండటం మాత్రం మన చేతిలో ఉంది. వారానికో సెలవు, అనారోగ్యం వస్తే జీతంతో సెలవు, చేసిన గంటలకి లెక్క, ఇవి మన ఇళ్ళల్లో అమలు చెయ్యడానికి ఏ ఒడంబడికా ధ్రువీకరించక్కర్లేదు.

మిల్‌డ్రెడ్ కబుర్లు తెలుగులోకి రావాలని నాకు చాలాకాలంగా ఉంది. ఎవరైనా అనువదించబోతే ముందుగా తేల్చుకోవలసింది ఆమె ఏ తెలుగులో మాట్లాడుతుంది అన్నది. మనం వ్యాసాలు రాసుకునే ఈ తెలుగులో మాట్లాడిస్తే ఆమె మనలో ఒకతె అయిపోతుంది, మళ్ళీ ఇంకోరకం ‘ఇంటిమనిషి’ అయిపోతుంది. సికింద్రాబాద్ బస్తీలోనో, విజయవాడ కొండమీది ఇళ్ళల్లోనో సాయంత్రం పని ముగించుకున్న ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకునే తెలుగు కావాలి. అనువాదం అయ్యాక మొదట వాళ్ళకే చదివి వినిపించి, ఎక్కడ నవ్వారో, ఎక్కడ ‘ఇట్లా ఎవరంటారమ్మా’ అన్నారో రాసుకుని, దాన్నిబట్టి దిద్దుకోవాలి.